‘మైనారిటీలకు అన్నీ ఫ్రీ, మనకి మాత్రం ఫీజు’ అనే ఆ ఫార్వర్డ్ గురించి

అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, విశాఖలో అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లోనూ ఒకటే మెసేజ్. ఎంవీపీ కాలనీలో పుట్టిందో మధురవాడలో పుట్టిందో, అసలు ఏ ఊళ్ళో ఎవడు రాశాడో తెలియదు గానీ గాజువాక దాకా అందరి ఫోన్లలోనూ ఉంటుంది. ఈసారి మా గ్రూపులో కూడా పడింది. కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నాను:

“మతం చూసి ముస్లింలందరికీ 4 శాతం సీట్లు. స్కాలర్‌షిప్‌లన్నీ వాళ్ళకే, అదీ మన పన్నులతో. అయినా వాళ్ళు పిల్లల్ని మదరసాలకే పంపుతారు. మిషనరీ స్కూళ్ళలో సీట్లన్నీ క్రైస్తవులకే. అసలు మైనారిటీ ఇప్పుడు మనమే. క్లాసులో అందరికీ ఒకే బెంచీ, ఒకే యూనిఫాం, ఇంక వివక్ష ఎక్కడుంది? నిజమనిపిస్తే పది మందికి పంపండి.”

నాకు నిజమనిపించలేదు కాబట్టి పది మందికి పంపకుండా ఇది రాస్తున్నాను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే మనిషిని, లాయర్ని కాను. కానీ ఇందులో చాలా సంగతులు లాయర్లు కానివాళ్ళు కూడా చదివి తెలుసుకోగలిగినవే.

మొదట ఆ 4 శాతం. “మతం చూసి, అందరికీ” అన్న రెండు మాటలూ తప్పే. మతం మొత్తానికి ఇద్దామని ప్రయత్నం జరిగిన మాట వాస్తవం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం అంది, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్ళీ చట్టం తెచ్చారు, అదీ నిలబడలేదు. ఆ తర్వాత ముస్లింలలో వృత్తి వల్ల, సామాజికంగా వెనకబడ్డ వర్గాలు ఏవో చూసి, వాటికి మాత్రమే 2007లో బీసీ-ఈ కింద 4 శాతం పెట్టారు. దీన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది. ఆ జాబితా ఒకసారి చదవండి. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ముస్లిం చాకళ్ళు, ఫకీర్లు, గారడీవాళ్ళు, గుడ్డి ఎలుగువాళ్ళు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు ఇలా ఉంటుంది. సయ్యద్‌లు, మొగల్‌లు, పఠాన్లు, ఇరానీలు, బోహ్రాలు అందులో లేరు, పేరు పెట్టి మరీ మినహాయించారు. అంటే మీ కింది ఫ్లాట్‌లో ఉండే పఠాన్ గారి అమ్మాయికి ఆ 4 శాతంతో సంబంధం లేదు. ఇంట్లో ఆదాయం తక్కువైతే ఆమె పోటీపడాల్సింది 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ 10 శాతంలో, అంటే మన పేద ఓసీ పిల్లలు ఏ లైన్లో నిలబడతారో అదే లైన్లో. ఇక దూదేకులవాళ్ళు బీసీ-బీలో, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. ఈ 4 శాతం ఉండాలా వద్దా అని వాదించుకోవచ్చు, కోర్టుల్లోనే ఇన్నేళ్ళు వాదించారు. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పి వాదించాలి కదా.

క్రైస్తవుల సంగతి ఇంకా తిరకాసు. ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం, తర్వాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులూ ముస్లింలూ చేరలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ. దానికి ఎంత అనుకుంటున్నారు? 1 శాతం. ఎస్సీలకున్నది 15. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్న పిల్లలు మనకు కనబడతారు. వాళ్ళని దొంగలన్నట్టు మాట్లాడటం సులువే. మతం మారాక కూడా ఊళ్ళో పేట మారలేదు, పిలుపు మారలేదు, మారిందల్లా సర్టిఫికెట్ మీద కాలమ్ ఒక్కటే అన్న సంగతి మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ రాదు.

“స్కాలర్‌షిప్‌లన్నీ వాళ్ళకే.” ఫీజు రీయింబర్స్‌మెంట్ మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలతో పాటు కాపులకూ ఈబీసీలకూ వచ్చింది. ఆదాయం పరిమితిలో ఉన్న రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నవాళ్ళే, బకాయి పడితే కాలేజీ సర్టిఫికెట్ ఆపేసేది కూడా అందరికీ కలిపే. ఇక మైనారిటీలకే ప్రత్యేకం అని చెప్పే కేంద్రం స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం. పదో తరగతి దాకా పిల్లలకిచ్చే ప్రీ-మెట్రిక్ రావాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉండాలన్నారు. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లాడికి దాని కింద వచ్చింది నెలకి 100 రూపాయలు. వంద! బీచ్ రోడ్డులో ముగ్గురు కూర్చుని టిఫిన్ తింటే చాలదు. పోనీ అదైనా ఉందా అంటే, 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా తీసేసి 9, 10 తరగతులకే ఉంచారు, ఎనిమిది దాకా చదువు చట్టప్రకారం ఉచితమే కదా అన్నారు. అదే ఏడాది డిసెంబరులో, పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేస్తున్నామని పార్లమెంటులో చెప్పారు. అంటే ఈ మెసేజ్ “అన్నీ ఫ్రీ” అని ఊరంతా తిరుగుతున్న కాలంలోనే ఉన్నవి ఒక్కొక్కటీ పోయాయి. కాగితం మీద ఇచ్చామని రాసుకున్నది వేరు, పిల్లాడి చేతికి అందింది వేరు. ఈ మెసేజ్ మొత్తం కాగితాన్నే లెక్కపెడుతోంది.

పన్నుల మాటా చెప్పేస్తాను. వన్‌టౌన్‌లో మెకానిక్ షెడ్ నడిపే సాయిబు గారు స్పేర్ పార్టు కొన్నప్పుడల్లా జీఎస్టీ కడుతున్నారు. “మన పన్నులు” అనడంలో ఆయన లేకుండా ఎలా పోయారో నాకు అర్థం కాలేదు.

మదరసాల విషయం 2006లోనే తేలిపోయింది. ముస్లింల స్థితిగతులు తెలుసుకోవడానికి కేంద్రం వేసిన సచార్ కమిటీ దేశమంతా చూసి చెప్పింది ఏమిటంటే, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్ళేది 3, 4 శాతం మాత్రమే, మిగతా చదువుకుంటున్నవాళ్ళంతా మామూలు బళ్ళలోనే ఉన్నారు. అదే నివేదికలో ఉన్న ఇంకో ముక్క ఎవరూ పంచుకోరు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒకరు ముస్లిం, పీజీకి వచ్చేసరికి 50 మందిలో ఒకరు. అప్పటికి జనాభాలో వాళ్ళు 13.4 శాతం. ఇది పాత లెక్క కదా అంటారా, కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం 2020-21లో ఉన్నత విద్యలో ముస్లింల వాటా 4.6 శాతం, అంతకుముందు ఏడాది 5.5 ఉండేది. తగ్గింది! సీట్లన్నీ తన్నుకుపోతున్నవాళ్ళ వాటా తగ్గడమేమిటో ఆ మెసేజ్ రాసినవాళ్ళే చెప్పాలి. విశాఖ పాతపట్నంలో ఆడపిల్లలు టెన్త్ దాటాక ఎందుకు ఆగిపోతారని తల్లుల్ని అడిగితే ఎవరూ మతం గురించి చెప్పరు. కాలేజీ దూరం, బస్సులో జనం, అక్క పెళ్ళికి చేసిన అప్పు, ఇవే చెబుతారు. మా ఇళ్ళల్లో విన్న మాటలే ఇవన్నీ.

మిషనరీ స్కూళ్ళ దగ్గర మాత్రం సగం నిజం ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ముందు అబద్ధం సగం. పాతపట్నంలో సెయింట్ అలోషియస్ 1847 నాటిది, ఆంధ్రా యూనివర్సిటీ 1926లో వచ్చింది, మధ్యలో ఎన్ని తరాల విశాఖ హిందూ కుటుంబాలు ఫాదర్లూ సిస్టర్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాయో మీ తాతగార్లని అడగండి. బాలల హక్కుల జాతీయ కమిషన్ 2021లో ఇచ్చిన నివేదికలో, దేశంలోని క్రైస్తవ మైనారిటీ స్కూళ్ళలో దాదాపు 74 శాతం పిల్లలు మైనారిటీలు కానివాళ్ళేనని తేల్చింది. సీట్లన్నీ వాళ్ళకే అనే మాట అక్కడితో సరి. మరి నిజం సగం ఏమిటంటే, విద్యాహక్కు చట్టం ప్రైవేటు స్కూళ్ళని 25 శాతం సీట్లు పేద, వెనకబడ్డ వర్గాల పిల్లలకు ఇవ్వమంది, మైనారిటీ స్కూళ్ళకి సుప్రీంకోర్టు 2012, 2014 తీర్పుల్లో దాన్నుంచి మినహాయింపు వచ్చింది. ఫలితంగా ఆ స్కూళ్ళలో పేద క్రైస్తవుల పిల్లలూ తక్కువే, పేద హిందువుల పిల్లలూ తక్కువే, ఫీజు కట్టగలిగిన మనలాంటి వాళ్ళం ఎక్కువ. దీని మీద కోపం రావాల్సిందే. కాకపోతే మైనారిటీ ముద్ర లేని ప్రైవేటు స్కూళ్ళు మాత్రం ఏం ఒరగబెట్టాయి? 2010లో అమల్లోకి వచ్చిన చట్టంలోని ఆ 25 శాతం మన రాష్ట్రంలో దాదాపు పన్నెండేళ్ళు కాగితం దాటలేదు. అప్పుడు ఈ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ రాలేదు.

“అసలు మైనారిటీ మనమే.” ఒప్పుకుంటాను, తమిళనాడులో అయితే. సొంత విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 30వ అధికరణలో మతపరమైన మైనారిటీలతో పాటు భాషా మైనారిటీలూ ఉన్నారు. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. తమిళనాడు 2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెస్తే, పదో తరగతిలో మా పిల్లలకు మినహాయింపు కావాలని కోర్టుల చుట్టూ తిరిగిన భాషా మైనారిటీల్లో తెలుగువాళ్ళు ముందున్నారు. అక్కడ మనవాళ్ళ తరఫున మాట్లాడినప్పుడు మైనారిటీ హక్కులు న్యాయం, ఇక్కడ పక్కవాడు అడిగితే బుజ్జగింపు. ఇంతకంటే దీని మీద చెప్పడానికి లేదు.

అసలు విషయం చివరి ముక్కలో ఉంది. “ఒకే బెంచీ, ఒకే యూనిఫాం, వివక్ష ఎక్కడుంది?” క్లాసులో నిలబడి పాఠం చెప్పేవాడిగా చెబుతున్నాను, బెంచీ ఒకటే. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ మర్నాడు అదే బెంచీలో కూర్చున్న గుంటడిని “ఏరా, మీవాళ్ళు ఓడిపోయారుగా” అని పక్కోడు అంటాడు, లెక్చరర్ వింటాడు, ఒక్కోసారి నవ్వుతాడు కూడా. ఆ కుర్రాడు కోహ్లీ పోస్టర్ గదిలో అంటించుకున్నవాడు, ఏమంటాడు, వాడూ నవ్వేస్తాడు. ఇది ఏ రికార్డులోనూ ఎక్కదు. క్యారేజీ మూత తీయగానే వాసన చూసి జరిగి కూర్చోవడం రికార్డులో ఎక్కదు. యూనివర్సిటీకి దగ్గరని మద్దిలపాలెంలోనో పెదవాల్తేరులోనో గది వెతుక్కునే పీజీ అమ్మాయితో ఇంటివాళ్ళు ఫోన్లో “గది ఖాళీగా ఉందమ్మా, రండి” అని, వచ్చాక “పూర్తి పేరేంటి?” అని అడిగి, విన్నాక “అయ్యో, పొద్దున్నే ఎవరికో మాటిచ్చేశాం” అంటారు. ఆ గది ఇంకో వారం ఖాళీగానే ఉంటుంది. పరీక్షహాలు గేటు దగ్గర స్కార్ఫ్ తీసేయమని ఆడపిల్లని అందరి ముందూ నిలబెట్టేస్తారు. సంప్రదాయ దుస్తులు వేసుకునేవాళ్ళు ముందుగా వచ్చి తనిఖీ చేయించుకుంటే చాలని నీట్ నిబంధనల్లోనే ఉంది, గేటు దగ్గరున్నాయన అది చదవలేదు, అంతే. కానీ రాసేది మూడు గంటల పరీక్ష, ఆ టెన్షన్‌తో లోపలికి వెళ్ళిన పిల్ల మొదటి అరగంట ఏం రాస్తుంది?

ఇంకో రకం పిల్లలున్నారు, వాళ్ళు ఈ ఫార్వర్డ్ రాసినవాడికి గుర్తుకే రాలేదు. 2022 దాకా మన జిల్లాలోనే ఉండి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిన పాడేరు, అరకు, ముంచంగిపుట్టు వైపు నుంచి ఇంటర్‌కో డిగ్రీకో విశాఖ హాస్టళ్ళకు వచ్చేవాళ్ళు. ఇంట్లో కువీ మాట్లాడతారు, లేదా ఆదివాసీ ఒడియా. ఒకటో తరగతిలో టీచర్ నోటి నుంచి వచ్చే తెలుగు వాళ్ళకు పరాయి భాష. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350-ఏ ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు వేసి బహుభాషా విద్య అని మొదలుపెట్టారు కూడా. అది నడవాలంటే ఆ భాష వచ్చిన టీచర్ ఉండాలి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ని, నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. తీర్పు తప్పో ఒప్పో పక్కన పెట్టండి. పిల్లాడి మాట అర్థమయ్యే మనిషి బళ్ళో ఉండాలన్న అవసరం తీర్పుతో పోదు కదా. ఆ పునాది లేకుండా పదేళ్ళు నెట్టుకొచ్చి నా క్లాసులో కూర్చున్న కుర్రాడికి న్యూటన్ సూత్రం తెలుసు, ప్రశ్న అర్థం కాదు. ప్రశ్నని రెండు చిన్న వాక్యాలుగా విడగొట్టి ఇస్తే చేసేస్తాడు. స్టాఫ్‌రూమ్‌లో మాత్రం వాడి పేరు “తలకెక్కని బేచ్”. వారం వారం మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే కాలేజీల్లో వాడు మొదటి నెలలోనే చివరి సెక్షన్‌కి వెళ్తాడు, అక్కడికి మంచి లెక్చరర్లని పంపరు, ఏడాది చివర్లో “చూశారా, సీటిచ్చినా చదవలేదు” అంటారు.

సీటు ఇచ్చాం కదా అంటే సరిపోదని చట్టం రాసినవాళ్ళకూ తెలుసు. విద్యాహక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లో వెనకబడ్డ వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత అని ఉంది. పదిహేడో సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కాలేజీలకైతే యూజీసీ 2012 నిబంధనలున్నాయి. కులం, మతం, భాష ఏ పేరుతో వివక్ష జరిగినా ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నారు. మీ అబ్బాయిని డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేర్చేటప్పుడు ఏసీ ఉందా, ప్లేస్‌మెంట్ ఎంత అని ఎలాగూ అడుగుతారు. ఆ అధికారి ఎవరు, ఏ గదిలో ఉంటారు అని కూడా అడగండి, మీ అబ్బాయికి అక్కర్లేకపోయినా పక్క బెంచీ వాడికి అవసరం పడొచ్చు. కౌంటర్‌లో ఉన్నాయన తెల్లముఖం వేస్తే ప్రిన్సిపాల్ పేరు మీద ఒక కాగితం రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.