లేఔట్ పూర్తి చేయడమనే ప్రమాదం

మోడల్ రైల్వే క్లబ్బుల మీద పాతకాలపు నింద ఒకటుంది, లేఔట్‌ను, అంటే బల్లమీద పట్టాలు, స్టేషన్లు, కొండలతో కట్టే చిన్న రైల్వేను, ఏళ్ల తరబడి కడుతూనే ఉంటారు గానీ పూర్తి చేయరని. ఇలా అనేవాళ్లకు రైళ్ల సంగతీ తెలియదు, సంఘాల సంగతీ తెలియదు. లేఔట్ పూర్తయిన మర్నాడు క్లబ్బులో మిగిలేది చందా రసీదు పుస్తకం, గిరగిరా తిరిగే ఒక గూడ్సు బండి, దాన్ని చూస్తూ ఆవలించే పదిమంది పెద్దమనుషులు. ఈ దుస్థితి రాకుండా చూడటమే కార్యవర్గం మొదటి బాధ్యత.

అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం వారి టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బునే చూడండి. 1946లో పుట్టింది. యుద్ధకాలంలో తాత్కాలికమని కట్టిన బిల్డింగ్ 20లో దాదాపు అర్ధశతాబ్దం కాపురం చేసింది (తాత్కాలికం అంటే ఎంతకాలమో మన సర్కారు ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పాలా?). ఆ బిల్డింగును 1998లో కూల్చేశారు, క్లబ్బు వేరేచోటికి మారింది, కొత్త లేఔట్ మళ్లీ మొదటి నుంచి. అందరూ అయ్యో అన్నారేమో గానీ, ఏ క్లబ్బుకైనా ఇంతకన్నా శుభవార్త ఉంటుందా!

అక్కడ సభ్యులు రెండు వర్గాలు. బల్లపైన చెట్లు నాటి, కొండలకు రంగులేసి, కొత్త ఇంజన్ పాతదిలా కనబడాలని శ్రద్ధగా తుప్పు పూసేవాళ్లు ఒకరు. బల్లకింద దూరి టెలిఫోన్ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), వైర్లతో కుస్తీ పట్టే సిగ్నల్స్ అండ్ పవర్ సబ్‌కమిటీ ఇంకొకరు. రైలు కదిలిందా లేదా అన్నది ఈ రెండో వర్గానికి పెద్దగా పట్టదు, రిలే టిక్కుమంటే చాలు. తర్వాత్తర్వాత వీళ్లే ఎంఐటీలోని టీఎక్స్-0, పీడీపీ-1 కంప్యూటర్ల మీద రాత్రుళ్లు కూడా పడి వాటినీ వదల్లేదు. లేఔట్ తొందరగా పూర్తయి ఉంటే ఇంత ఘనకార్యం జరిగేదా?

పూర్తి కాకుండా చూసుకోవడానికి ఒక్క కంకర పని చాలు. సన్న కంకరను స్పూనుతో పట్టాల మధ్య పోయాలి, స్లీపర్ల మీద పడ్డదాన్ని మెత్తటి బ్రష్‌తో ఊడ్చాలి, ముందు ఆల్కహాల్ కలిపిన నీళ్లు చిలకరించాలి, ఆ తర్వాత తెల్ల జిగురును నీళ్లతో పలచన చేసి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, డ్రాపర్‌తో వదలాలి. సబ్బు మరిచిపోతే జిగురు ఇంకదు, పూసలా పైనే నిలబడి కంకరను పక్కకు తోసేస్తుంది. అన్నీ సరిగ్గా చేస్తే మర్నాటికి కంకర రాయిలా బిగుస్తుంది, దాంతోపాటు పట్టాలు మార్చే పాయింటు కూడా.

ఇక దూరం సమస్య. మోడల్ రైళ్ల కొలతల్లో ఒకటైన హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. ఆ లెక్కన మైలు దూరం అరవై అడుగుల చిల్లర. అంత హాలు ఎవరికుంది? అందుకని స్టేషన్లను చేతికందేంత దగ్గరగా పెట్టేసి, ప్రయాణం చాలాసేపు సాగినట్టు కనబడాలని గడియారాన్నే మూడు నాలుగు రెట్ల వేగంతో తిప్పుతారు. రైలును వదిలేసి గడియారాన్ని సవరించే ఈ ఉపాయం మన రైల్వేవారికి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో నాకర్థం కాదు.

మన దగ్గర క్లబ్బు పెట్టేవాళ్లకైతే దిగులే లేదు. మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 వస్తుంది. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది అమెరికా, యూరప్ గేజికి కొలిచింది. దొరికిన పట్టా వేసుకుని కాజీపేట జంక్షన్ కట్టేద్దామని ఒక వర్గం, పట్టాలు సొంతంగా చేసుకుంటే తప్ప అది కాజీపేట కాదని ఇంకో వర్గం. ఈ మూడు మిల్లీమీటర్ల లోపు తేడా మీద సంఘాన్ని ముప్పయ్యేళ్లు లాగొచ్చు. చీలిక వస్తే ఇంకా మేలు, అసంపూర్తి లేఔట్లు రెండవుతాయి.