బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

కోర్టు బెయిలిచ్చిన ఖైదీ ఇంకా జైల్లోనే ఉన్నాడంటే బయటివారికి వింతగా తోస్తుంది. ములాఖత్ కోసం జైలు గేటు దగ్గర పడిగాపులు కాసే కుటుంబాలకు ఇందులో వింతేమీ లేదు. ఇద్దరు జామీనుదారులు కావాలి. వాళ్లకు పొలమో ఇల్లో ఉండాలి. పాసుపుస్తకమో పన్ను రసీదో చూపాలి. అవి చాలవంటే తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి, పూచీకి తగిన ఆస్తి ఉందని చెప్పే సాల్వెన్సీ సర్టిఫికెట్ తేవాలి. కూలికి పోయి బతికే మనిషి కోసం అంత ఆస్తిని పూచీ పెట్టే బంధువు ఎక్కడ దొరుకుతాడు? ఉత్తర్వు ఫైల్లో ఉంటుంది, మనిషి బ్యారక్‌లో ఉంటాడు.

సుప్రీంకోర్టుకు ఈ సంగతి తెలియక కాదు. మోతీరాం అనే తాపీమేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో ఒక మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు విధించారు. సోదరుడు జామీనుకు ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత బాండుపై అతణ్ని విడిచిపెట్టమన్నారు. ఊరుగాని ఊళ్లో పట్టుబడిన పరాయి ప్రాంతపు పేదవాడు స్థానిక జామీనుదారును ఎక్కణ్నుంచి తెస్తాడని గట్టిగానే నిలదీశారు. దాదాపు 45 ఏళ్ల తరవాత, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టే మళ్లీ చెప్పాల్సి వచ్చింది: బెయిలిచ్చిన నెలలోగా పూచీకత్తులు సమర్పించలేకపోతే, కోర్టు తనంత తానుగా షరతుల సడలింపును పరిశీలించవచ్చని. మొదటిసారి చెప్పిన మాట కింది కోర్టు గుమ్మం దాటి ఉంటే రెండోసారి చెప్పే పని ఉండేది కాదు.

హక్కుల న్యాయవాది అంటే రాజ్యాంగాన్ని చేతబట్టి ధర్మాసనం ముందు అనర్గళంగా వాదించే మనిషి అని మనం ఊహించుకుంటాం. వాదన ఉంటుంది, అది ఆ వృత్తిలో చిన్న భాగం. తీర్పు ప్రతిని పట్టుకుని ఠాణాకూ జైలు సూపరింటెండెంటు గదికీ హోంశాఖకూ తిరగడమే అసలు పని. తీర్పు వచ్చిన రోజు పత్రికల్లో పతాక శీర్షిక ఉంటుంది. అమలు కాలేదన్న అఫిడవిట్ ఎవరూ చదవరు. ప్రభుత్వ న్యాయవాది కౌంటరు దాఖలుకు నాలుగు వారాలు అడుగుతారు, తరవాత మరో నాలుగు. ధిక్కరణ పిటిషన్ వేద్దామంటే ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే కదలాలని 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం చెబుతోంది. ప్రభుత్వానికి ఉన్నంత తీరిక కక్షిదారుకు లేదు.

తీరిక అనే మాట ఊరికే వాడలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్లలో చోటు 4,36,266 మందికే. లోపలున్న వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నేరం రుజువు కాని వాళ్లు. వీళ్లను వదిలేస్తే మిగిలే జనానికి జైళ్లు సగానికి పైగా ఖాళీగా ఉంటాయి. జైళ్లు కిక్కిరిసిపోయాయి, కొత్తవి కట్టాలి అనే మంత్రులు ఈ తీసివేత ఒక్కసారి చేసి చూడాలి.

విచారణ ఖైదీల గోడు మొదట బయటపెట్టింది పత్రికే అని చెప్పుకోవడానికి మాకు కాస్త గర్వంగానే ఉంది. బిహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి పోలీసు అధికారి రుస్తుంజీ రాసిన వ్యాసాలు చదివి, న్యాయవాది కపిలా హింగోరానీ 1979లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. బాధితులో వాళ్ల బంధువులో తప్ప మరొకరు అలాంటి పిటిషన్ వేసే ఆనవాయితీ అప్పట్లో లేదు. ఆ ఖైదీలెవరూ ఆమెకు వకాలత్ ఇవ్వలేదు, ఇచ్చే స్థితిలోనూ లేరు. అయినా వేశారు, కోర్టు వింది. నేరం రుజువైనా పడే శిక్షకు మించి కొందరు అప్పటికే జైల్లో గడిపేశారని తేలింది. హుస్సైనారా ఖాతూన్ కేసుగా చరిత్రకెక్కిన ఆ వ్యాజ్యం సత్వర విచారణను జీవించే హక్కులో భాగం చేసింది. ప్రజాప్రయోజన వ్యాజ్యానికి దారి వేసింది కూడా అదే.

ఆ తీర్పులోని మాట చట్టంలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీని విడుదల చేయాలన్న 436ఏ సెక్షన్‌ను 2005లో నేరశిక్షాస్మృతికి చేర్చారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ వచ్చింది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారికి మూడో వంతు కాలం చాలు. గడువు నిండగానే కోర్టుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టే బాధ్యతను జైలు సూపరింటెండెంటు మీదే పెట్టారు. ఖైదీ అడగనక్కర్లేదు, వకీలు అడగనక్కర్లేదు. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తేల్చింది. చదివితే ముచ్చటేస్తుంది.

కిందికి దిగితే రెండో ఉపసెక్షన్ ఉంది. ఒకటికి మించిన నేరాల్లోనో, ఒకటికి మించిన కేసుల్లోనో దర్యాప్తు లేదా విచారణ నడుస్తుంటే ఈ విడుదల వర్తించదట. ఒక్క సెక్షన్‌తో ఆగే ఎఫ్ఐఆర్‌ను మన ఠాణాల్లో ఎంతమంది చూశారు? దొంగతనం అంటే దానికి అతిక్రమణ జోడిస్తారు, ఘర్షణ అంటే బెదిరింపు కలుపుతారు. ఒక కేసులో బెయిలు వచ్చే వేళకు మరో ఠాణా, ఖైదీని జైలు నుంచే తమ కేసులోకి తెచ్చుకునే పీటీ వారెంటుతో సిద్ధంగా ఉంటుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కోవడం అంటే ఇదే. ఈ ఉపసెక్షన్‌ను సవరించాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం. కేసుల సంఖ్యను పెంచే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఖైదు కాలాన్ని పెంచే అధికారం కూడా వాళ్ల చేతికే పోకూడదు.

లాకప్ కథా ఇంతే. పశ్చిమబెంగాల్ న్యాయసహాయ సంస్థ బాధ్యుడు డి.కె. బసు 1986లో ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాస్తే, దానిపై తీర్పు 1996 డిసెంబరు 18న వచ్చింది. అరెస్టుకు మెమో ఉండాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి, ఇంటివారికి కబురు చేయాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష జరగాలి. ఇన్ని చెప్పినా సరిపోక 2020 డిసెంబరు 2న ప్రతి ఠాణాలో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలు పెట్టమన్నారు. రాజస్థాన్‌లో కొన్ని నెలల్లోనే 11 మంది కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చూసి 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంత తానుగా మళ్లీ కేసు చేపట్టింది. అవసరమైన రోజునే కెమెరా చెడిపోవడం ఏ ఇంజనీరూ వివరించలేని సాంకేతిక లోపం.

తెలుగు నేలకు ఈ చరిత్రలో ప్రత్యేకమైన పుట ఉంది. అత్యవసర పరిస్థితి తరవాత ఎన్‌కౌంటర్లపై వేసిన భార్గవ కమిషన్ ముందు నిలబడిన న్యాయవాది కన్నబిరన్, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి ఆ తరవాత నల్లకోటు వేసుకున్న బాలగోపాల్, వీళ్ల వెంట నడిచిన జిల్లా కోర్టుల వకీళ్లు ఇదే పనిలో జీవితాలు గడిపారు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం వేసిన వ్యాజ్యంలో 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ ఉండాలి, ఆత్మరక్షణ అన్నది పోలీసులు విచారణలో రుజువు చేసుకోవాలి. కొద్ది వారాలకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో ఆ కోర్టే మరో కేసులో 16 మార్గదర్శకాలు జారీ చేసింది. అయిదేళ్లు దాటాయో లేదో, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తరవాత తేల్చింది. ఆ నివేదిక మీద ఎవరూ పూలు చల్లలేదు.

బాధితుల సంగతేమిటి, నేరస్తులకే హక్కులా అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్న వెనకున్న నొప్పి నిజమైనది. కానీ దిశ కేసులో విచారణ జరగలేదు, సాక్ష్యం పరీక్షకు నిలవలేదు. ఆ అమ్మాయి కుటుంబానికి న్యాయస్థానం నోటి నుంచి నిజం వినే అవకాశం శాశ్వతంగా పోయింది. తప్పు మనిషిని పట్టుకున్న ప్రతి కేసులోనూ అసలు దోషి బయట ఉంటాడు. హక్కుల న్యాయవాదిని 'దొంగల వకీలు' అనే ముందు దీన్ని ఆలోచించాలి.

ఈ పాపంలో పత్రికల వాటా కూడా చెప్పుకోవాలి. ముఖాలకు ముసుగులు తొడిగి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టిన మనుషులను 'అంతర్రాష్ట్ర ముఠా' అని మేమూ అచ్చేస్తాం. ఏళ్ల తరవాత వాళ్లు నిర్దోషులుగా బయటికొస్తే నాలుగు వాక్యాల వార్తకైనా చోటు దొరకదు. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసిన నేరస్థ జాతుల చట్టం 1952లోనే రద్దయింది. అయినా స్టూవర్టుపురం పేరు వినగానే ఇప్పటికీ కనుబొమ ముడిపడుతుందంటే, ఆ ముద్రను చెరగనీయని వాళ్లలో మేమూ ఉన్నాం. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలనీ, ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతులను పుట్టుకను బట్టి అలవాటు నేరస్తులుగా చూడరాదనీ 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడా వ్యాజ్యం వేసింది ఒక జర్నలిస్టే.

తప్పుడు కేసులో ఏళ్లు పోగొట్టుకున్న వాడికి రాజ్యం ఏమిస్తుంది? నిర్దోషిగా తేలిన తరవాత కూడా 14 ఏళ్లు బిహార్ జైల్లో ఉండిపోయిన రుదుల్ సాకు సుప్రీంకోర్టు 1983లో మొత్తం 35,000 రూపాయలు ఇప్పించింది. పరిహారం కోసం ప్రత్యేక చట్టం తెమ్మని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం రాలేదు. నిరాధారంగా అరెస్టు చేయించినందుకు కొత్త సంహితలో ఉన్న పరిహారం గరిష్ఠంగా 1,000 రూపాయలు. అది కూడా ప్రభుత్వం ఇచ్చేది కాదు, అరెస్టు చేయించిన వ్యక్తి చెల్లించాల్సింది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం కోరేది పెద్దదేమీ కాదు. 479 కింద గడువు నిండిన ఖైదీలు ఏ జైల్లో ఎంతమంది, వాళ్ల కోసం సూపరింటెండెంట్లు పెట్టిన దరఖాస్తులు ఎన్ని, బెయిలొచ్చి నెల దాటినా పూచీకత్తు లేక లోపలే ఉన్నవాళ్లు ఎంతమంది, ఏ ఠాణాలో కెమెరా పనిచేయడం లేదు. ఈ లెక్కలు నెలనెలా ప్రకటించాలి. హైకోర్టులు ఆ పట్టికను ముందు పెట్టుకుని నెలకో పూట కూర్చోవాలి. ఇప్పుడు ఈ సమాచారం కోసం ఒక్కో న్యాయవాది ఒక్కో దరఖాస్తు పెట్టి, ఒక్కో రిట్ వేసి, ఒక్కో వాయిదాకు తిరుగుతున్నాడు. జైళ్ల శాఖ దగ్గర ఈ-ప్రిజన్స్ కంప్యూటర్ ఉంది. ఖైదీ లోపలికొచ్చిన తేదీ అందులో ఉంటుంది, సెక్షన్ ఉంటుంది. మూడో వంతు ఎప్పుడు నిండుతుందో అది రేపు ఉదయమే చెప్పగలదు, అడిగేవాళ్లుంటే.