రెండున్నర అంగుళాల పరువు

నీటిపారుదల శాఖలో 36 ఏళ్ళపాటు కాలువలకు అలైన్‌మెంటు, అంటే అవి ఏ దారిన పోవాలో, చూసినవాణ్ణి నేను. అలాంటి నాకు మూరెడు గుడ్డను తిన్నగా కోయడం చేతకాదన్న సంగతి మొన్న శనివారం, డల్లాస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో, వియ్యపురాలి సమక్షంలో తేలిపోయింది. మనవరాలికి బొంత కుట్టాలని మా ఆవిడ అనుకోవడం, లోపలికి తన పాత మంగళగిరి చీరలు ఉన్నాయి కాబట్టి పైకి రెండున్నర అంగుళాల పట్టీలు 36 ఉంటే చాలుననడం, కోత పని నాకు వదిలెయ్యమని నేను ముందుకు దూకడం, అన్నీ కాఫీ చల్లారేలోపే జరిగిపోయాయి.

దుకాణం నుంచి రెండుముప్పావు గజాల నూలు గుడ్డ వచ్చింది. పన్నా 44 అంగుళాలు. పనిముట్లు అమ్మాయివే: పిజ్జా కోసే చక్రం లాంటి 45 మిల్లీమీటర్ల బ్లేడు కత్తి, 24 అంగుళాల గాజులాంటి స్కేలు, గాట్లు పడ్డా వాటంతటవే పూడుకుపోయే ఆకుపచ్చ చాప. ఈ కత్తిని జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చిందట. నేను ఉద్యోగంలో చేరిందీ ఆ ఏడాదే కాబట్టి మా ఇద్దరికీ ఏదో రుణానుబంధం ఉందనుకున్నాను. అమ్మాయి ఒక వీడియో కూడా పెట్టి వెళ్ళింది గానీ, అందులోని మహాతల్లి మొదటి పన్నెండు నిమిషాలూ తన పిల్లి గురించే చెప్పడంతో, అది కట్టేసి పనిలోకి దిగాను.

గుడ్డను అంచుకు అంచు కలిపి మడిచి, మళ్ళీ మడిచి, 44 అంగుళాలను 11కు తెచ్చాను. ఒక్కో పట్టీలో 1/16 అంగుళం తేడా వచ్చినా 16 పట్టీలు కలిపేసరికి అంగుళం తప్పుతుందని, అడగకపోయినా, వియ్యపురాలికి వివరించాను. ఆవిడ మర్యాదకు తల ఊపారు. కోసిన ప్రతి పట్టీనీ విప్పకుండా, మడతల మీదే తమలపాకుల కట్టలా పేర్చుకుంటూ పోయాను. మధ్యలో ఒక్కటైనా విప్పి చూసుకోకూడదా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆఖరి పట్టీ అయ్యాక, శంకుస్థాపన శిలాఫలకం మీది తెర తొలగించే మంత్రిగారి ఠీవితో మొదటి పట్టీని బల్ల మీద విప్పి పరిచాను. అది పదకొండు అంగుళాలు ఈశాన్యంగా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మరో పదకొండు అంగుళాలు ఆగ్నేయంగా దిగి, మళ్ళీ ఈశాన్యానికి, మళ్ళీ ఆగ్నేయానికి తిరిగి ముగిసింది. ఇదే కాలువ అయితే, ఎవరో పలుకుబడి ఉన్న ఆసామి పొలాన్ని తప్పించడానికి వంచారని జనమే సర్దిచెప్పుకునేవారు. నా పట్టీ దారిలో ఏ ఆసామి పొలమూ లేదు. ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందేమోనని ఇస్త్రీ చేశాను. వంపులు ఇంకా స్పష్టంగా కనిపించాయి. రెండోది విప్పాను, మూడోది విప్పాను. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే చోట, ఒకే కోణంలో వంగాయి. ఆ ఖచ్చితత్వాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు.

"పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క వంకీ ఉంగరం చేయించమని అడుగుతున్నాను వదినగారూ," అంది మా ఆవిడ. "ఇవాళ పట్టీకి మూడు చొప్పున నూట ఎనిమిది చేసి ఇచ్చారు."

"అష్టోత్తరానికి సరిపోతాయి," అన్నారు వియ్యపురాలు. ఆవిడ నోటి వెంట నేను విన్న మొదటి హాస్యం అదే.

ఆ రాత్రి ఒంటరిగా వీడియో ముందుకు జరిపి చూస్తే, 21వ నిమిషంలో, పోతూ పోతూ చెప్పినట్టు, స్కేలును మడతకు లంబంగా పెట్టాలని ఆ మహాతల్లి సెలవిచ్చింది. మడత దగ్గర కోత రెండు డిగ్రీలు తప్పితే, విప్పేసరికి అది నాలుగు డిగ్రీల వంపు అవుతుంది. రెండుసార్లు మడిస్తే అలాంటి వంపులు మూడు. నేనేమో స్కేలును మడతకు లంబంగా కాక, దుకాణంలో కోసిన అంచుకు సమాంతరంగా పెట్టాను. కౌంటరు దగ్గర కత్తెర ఆడించిన ఆ పిల్ల కోస్తున్నంతసేపూ పక్కమ్మాయితో తన సెలవుల సంగతి మాట్లాడుతూనే ఉంది. ఆ అంచునే నేను బెంచ్‌మార్కుగా తీసుకున్నాను. మర్నాడు వెళ్ళి అడిగితే, ఒకసారి కోసిన గుడ్డ వాపసు తీసుకోబోమని రసీదు వెనక వేలు పెట్టి చూపించారు. వంకరగా కోసింది మీరే కదా అంటే, రసీదు మీద ఇంకోసారి వేలు పెట్టారు.

కొత్త గుడ్డ కొనక తప్పలేదు. ఈసారి మా ఆవిడ కత్తినీ స్కేలునీ నాకు అందనంత ఎత్తున పెట్టించి, గుడ్డ అంచును పంటితో కాస్త కొరికి, మన బట్టల కొట్లో లాగా పర్రుమని చింపేసింది. అడ్డంగా ఉండే పేక పోగు వెంట పన్నా అంతా ఒక్క ఊపున చిరిగిపోయింది. స్కేలు అడిగి తీసుకుని మూడు చోట్ల కొలిచాను, తేడా దొరకలేదు. అంచుల వెంట పీచు లేచిందని మాత్రం నా అభ్యంతరం తెలియజేశాను. ఇంతవరకూ జవాబు రాలేదు.