250 హార్స్‌పవర్ దాటితే సిరామిక్కేనా?

ఈ మధ్య మా విశాఖ కారు కుర్రాళ్ల వాట్సాప్‌లో ఒక ఆడియో తెగ తిరుగుతోంది. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించుకున్న ప్రతివాడికీ ఎవరో ఒకరు పంపుతున్నారు. అందులో పెద్దమనిషి చెప్పేది ఇదీ: బండి 250 హార్స్‌పవర్ దాటిందంటే స్టేజ్ 4 సిరామిక్ క్లచ్ వేయాల్సిందే. ఆర్గానిక్ ప్లేటు, అంటే మామూలు కార్లలో వచ్చే క్లచ్ ప్లేటు, ట్రాక్ మీద ఒక్క పూట కూడా ఆగదు. పెడల్ ఎంత గట్టిగా ఉంటే పట్టు అంత. ఫ్లైవీల్ (క్లచ్ పట్టుకునే, ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) ఎంత తేలికైతే అంత మంచిది. కొత్త క్లచ్‌ని మెల్లగా అలవాటు చేయడం పాతకాలం మాట, బిగించిన రోజే దంచెయ్యొచ్చు.

గొంతులో ధీమాకి లోటు లేదు. ఇలాంటి మాటే విని ఒకే ఏడాదిలో రెండుసార్లు గేర్‌బాక్స్ దింపించుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ 250 సంగతి. క్లచ్‌కి హార్స్‌పవర్ తెలీదు, టార్కే (ఇంజన్ తిప్పే బలం) తెలుసు. హోండా ఎస్2000 జపాన్ మోడల్ 250 హార్స్‌పవర్ ఇచ్చేది, కానీ దాని టార్క్ 218 న్యూటన్ మీటర్లే. మన రోడ్ల మీద తిరిగిన స్కోడా ఆక్టేవియా 2.0 డీజిల్‌కి ఉన్నవి 143 గుర్రాలు, టార్క్ మాత్రం 320. ఆ ఆడియో ప్రకారం సిరామిక్ పడాల్సింది హోండాకి. నిజానికి గట్టి క్లచ్ కావాల్సింది డీజిల్ బండికి. గుర్రాలు 8,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ చుట్లు) దగ్గర పుట్టాయా, 4,000 దగ్గర పుట్టాయా అన్నది చూడకుండా అంకె ఒక్కటే పట్టుకుంటే వచ్చే చిక్కు ఇది.

ఇక "స్టేజ్" అన్నది ఏ ప్రమాణమూ కాదు. ఒక కంపెనీ స్టేజ్ 2 అనేది ఇంకో కంపెనీ స్టేజ్ 4 అనొచ్చు. డబ్బా మీద వెతకాల్సింది న్యూటన్ మీటర్లు. అవి ఎక్కడినుంచి వస్తాయో చిన్న లెక్కతో తేలిపోతుంది: రాపిడి ముఖాల సంఖ్య, రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమేది) నొక్కే బలం, సగటు వ్యాసార్ధం, ఈ నాలుగూ గుణించడమే. 240 మి.మీ. ప్లేటు అనుకుందాం, సగటు వ్యాసార్ధం 0.1 మీటరు. ఒక ప్లేటుకి ముఖాలు రెండు. గుణకం 0.3, నొక్కుడు 6,000 న్యూటన్లు. మొత్తం 360. అదే ఆర్గానిక్ ప్లేటు ఉంచి, 7,500 న్యూటన్ల ప్రెషర్ ప్లేటు వేస్తే 450. ప్లేటు మారలేదు, సిరామిక్ రాలేదు, పాతిక శాతం పెరిగింది. టార్క్ 600 దాటే బండైతే రెండు ప్లేట్ల క్లచ్ చూడాలి. ముఖాలు నాలుగవుతాయి, ఆ 360 కాస్తా 720 అవుతుంది, రోడ్డు మీద మర్యాదగానూ ఉంటుంది. ఖరీదు మాత్రం మర్యాదగా ఉండదు.

పట్టు మరీ ఎక్కువైనా తిప్పలే. క్లచ్ కొంచెం జారి మింగాల్సిన దెబ్బని అప్పుడు గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు తింటాయి. మన టార్క్ మీద పాతిక, ముప్పై శాతం ఎక్కువ చాలు.

ఇప్పుడు సిరామిక్. నాది పాత స్కోడా లారా 1.8 టర్బో పెట్రోల్. కంపెనీ ఇచ్చింది 160 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. మ్యాప్ అయ్యాక టార్క్ 350 దగ్గరికి వచ్చింది, మూడో గేర్‌లో పాత క్లచ్ జారడం మొదలెట్టింది. ఒక పెద్దాయన సలహా మీద ఆరు ముక్కల సిరామిక్ ప్లేటు (చుట్టూ ఒకే పొర బదులు ఆరు విడి ముక్కలు ఉండేది) తెప్పించి వేయించాను. మర్నాడు నాన్నని ఎక్కించుకుని ఎండాడ బయల్దేరాను. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు పడగానే ఎప్పటిలాగే హాఫ్ క్లచ్‌లో కదిలించబోయాను. బండి గజగజ వణికి, రెండు గంతులేసి ఆగిపోయింది. వెనక సిటీ బస్సు హారన్. నాన్న సీటు బెల్టు పట్టుకుని, "బండికి చలిజ్వరమొచ్చిందేట్రా?" అన్నారు.

జ్వరానికి కారణం ఉంది. ఆర్గానిక్ ప్లేటు విప్పి అంచునించి చూడండి. రెండు పొరల మధ్య అలలా వంచిన సన్నటి స్టీలు రేకులు కనిపిస్తాయి. పెడల్ వదులుతుంటే ముందు ఆ అలలు అణుగుతాయి, పట్టు మెల్లగా పెరుగుతుంది. హాఫ్ క్లచ్ అని మనం అనేది ఆ నాలుగు అలల చలవే. ముక్కల ప్లేటులో సాధారణంగా ఆ మెత్తదనం ఉండదు. పైగా సిరామిక్ పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది. జారుడూ పట్టూ వెంట వెంటనే మారుతుంటే వచ్చేదే ఆ వణుకు. ఇంకో సంగతి, ముక్కలు తక్కువ ఉన్నంత మాత్రాన పట్టు పెరగదు, పైన చెప్పిన లెక్కలో వైశాల్యం అనేదే లేదు. ముక్కలుగా చేసేది ప్లేటు బరువు తగ్గించి గేర్లు చకచకా పడటానికి. పట్టు పెరిగేది ఆ పదార్థం వల్ల. వేడిని తట్టుకోవడంలో సిరామిక్ గొప్పదే, కాదనను. డ్రాగ్ రేసుకే పెట్టుకున్న బండికి అది వేస్తానంటే నేను అడ్డుపడను.

కానీ "ట్రాక్ మీద ఆర్గానిక్ ఆగదు" అన్నది వింత మాట. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. పిట్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒక్కసారి క్లచ్ మీద కదులుతాం. తర్వాత సెషన్ అంతా గేరు మార్చే ఆ అర సెకను తప్ప క్లచ్ బిగిసే ఉంటుంది. బిగిసి ఉన్న క్లచ్ వేడెక్కదు, జారితేనే వేడి. సాయంత్రం ఏడింటికి మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా పాకే బండి క్లచ్ అంతకంటే ఎక్కువ కష్టపడుతుంది. ట్రాక్ మీద క్లచ్‌ని చంపేది గేరు దించేటప్పుడు ఆర్‌పీఎమ్ కలపకుండా టపీమని వదిలే కాలు.

నా సిరామిక్ ఏడు నెలలుంది. దాన్ని దింపిన గాజువాక ఆటోనగర్ మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న, "బండి ఎక్కడ తిరుగుతాది బాబూ? అది చెప్పకుండా క్లచ్ పేరు చెప్తారేటి?" రెండోది, పాత క్లచ్ జారినప్పుడు ఇంజన్ వెనక ఆయిల్ సీల్ చూశారా అని. చూడలేదు. సీల్ కారి ప్లేటు మీద నూనె పడితే ఏ స్టేజ్ అయినా జారుతుంది. ఇప్పుడున్నది గట్టి ప్రెషర్ ప్లేటుతో ఆర్గానిక్, 450కి రేట్ చేసింది. నాన్న ఏమీ అనలేదు, అంటే బాగుందనే.

పెడల్ బరువుకీ పట్టుకీ నేరుగా సంబంధం లేదు. డయాఫ్రమ్ (ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు) మీట నిష్పత్తి, మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపుడుని నూనెతో క్లచ్‌కి చేర్చేది) సైజు బట్టి అదే పట్టు మెత్తటి పెడల్‌తోనూ వస్తుంది. నిజంగానే బరువైన ప్రెషర్ ప్లేటైతే, పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ తోపుడు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యండి.

తేలిక ఫ్లైవీల్ గురించి ఎక్కువ చెప్పను. ఐడిల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, ఎత్తు మీద బండి ఆగిపోతుంటుంది, అవి భరించగలిగితే మీ ఇష్టం. కంపెనీ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) తీసేస్తే స్ప్రింగులున్న ప్లేటు తప్పనిసరి. ఒక్కటి మాత్రం చేయకండి: డబ్బు మిగుల్చుకోవడానికి కంపెనీ పోత ఇనుప ఫ్లైవీల్‌నే లేత్ మీద సన్నగా చెక్కించడం. 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర అది పగిలితే ముక్కలు వచ్చేది మీ కాళ్ల మీదికే. తేలికది కావాలంటే ఎస్‌ఎఫ్‌ఐ 1.1 (రేసింగ్ విడిభాగాల భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్న స్టీలుది కొనండి.

చివరగా "అలవాటు చేయక్కర్లేదు" అన్న మాట. క్లచ్ తయారీదార్లు సాధారణంగా చెప్పేది 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు. కొత్త ప్లేటు, ఫ్లైవీల్ ముఖాలు ఒకదానికొకటి ఒదిగేదాకా ఫుల్ త్రాటిల్ వద్దు. మొదటిరోజే దంచితే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే కాలి, ప్లేటు గాజులా మెరిసి జారడం మొదలెడుతుంది. ఈ ముక్క చెప్తే మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు, "800 అంటే చెన్నై దాకానే కదన్నా" అని వైజాగ్ నుంచి చెన్నై హైవే మీద వెళ్లి, నేరుగా ట్రాక్ మీద దిగాడు. దారిలో క్లచ్ ఎన్నిసార్లు తొక్కావురా అని అడిగాను. టోల్ గేట్ల దగ్గరన్నాడు. ఫాస్టాగ్ పుణ్యమా అని అక్కడా సరిగ్గా ఆగలేదట. మళ్లీ కొత్త ప్లేటు పడింది. ఇప్పుడు రోజూ సాయంత్రం జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ దాకా పనీపాటా లేకుండా తిరుగుతున్నాడు. 310 అయ్యాయట.