కొవ్వాడ కబురు ఏటి ఇవతలా చెప్పాలి

పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం. ఇవతల ఒడిశా, అవతల ఆంధ్ర. కూరగాయల బుట్టలు అటు నుంచి ఇటు వస్తాయి, కూలి పనికి మనుషులు ఇటు నుంచి అటు పోతారు, వియ్యాలు రెండు వైపులా ఉన్నాయి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పడిన ఆ సరిహద్దు మ్యాపులో ఉందే గానీ మన ఇళ్ళ మధ్య ఎప్పుడూ లేదు. అందుకే కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం సంగతి ఎత్తితే ఇక్కడి తెలుగువాళ్ళు పొరుగు రాష్ట్రం వార్తలా వినరు. మా పిల్లనిచ్చిన ఊరు, మా చెల్లెలి అత్తగారి ఊరు అన్నట్టే వింటారు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఆ సముద్రతీరంలో ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్నది ప్రణాళిక. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. మొదట జీఈ హిటాచీ రియాక్టర్లన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ 1000 అన్నారు. ఏళ్ళ తరబడి అక్కడి మత్స్యకార కుటుంబాలు ఇల్లు బాగు చేసుకోవాలా వద్దా, పిల్లను ఏ బడిలో వేయాలి అన్న టెన్షన్‌లోనే బతికాయి. ఇప్పుడు వేగం పెరగబోతోంది. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ సాధించాలని కేంద్రం 2025 బడ్జెట్లో లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్రకటన నాటికి దేశంలో ఉన్నది తొమ్మిది వేల మెగావాట్ల లోపే. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి అణుశక్తి చట్టమూ, 2010 నాటి అణు నష్టపరిహార చట్టమూ పోయి, వాటి స్థానంలో ఇది వచ్చింది. ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచింది.

అణు విద్యుత్ వద్దని ఈ పత్రిక అనడం లేదు. బొగ్గు పొగ తగ్గాలి, కరెంటు కావాలి. కానీ కరెంటు కోసం ఊళ్ళు వదులుకోవడం అంటే ఏమిటో మన సరిహద్దు జిల్లాలకు బాగా తెలుసు. మాచ్‌ఖండ్, బలిమెల జలవిద్యుత్ ప్రాజెక్టుల కోసం కొరాపుట్, మల్కన్‌గిరి గిరిజనులు కొంపాగోడూ విడిచి కొండెక్కారు. బలిమెల నీళ్ళ వెనుక చిక్కిన ఊళ్ళవాళ్ళు 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా ఆసుపత్రికి పోవాలన్నా లాంచీ కోసం ఎదురుచూశారు. ఆ ప్రాజెక్టులప్పుడు వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. ఈసారైనా ముందు అడగాలన్నదే మా పట్టుదల.

పరిహారం సంగతే చూడండి. ప్రమాదం జరిగితే ప్లాంటు యజమాని కట్టాల్సిన పరిహారానికి కొత్త చట్టం రియాక్టరు సైజును బట్టి పరిమితులు పెట్టింది. 3,600 మెగావాట్ల ఉష్ణశక్తి (అంటే కరెంటుగా మారకముందు పుట్టే వేడి) దాటిన రియాక్టరైతే 3,000 కోట్ల రూపాయలు. అంతకన్నా తక్కువదైతే, 1,500 మెగావాట్ల వరకూ దిగినా, 1,500 కోట్లు. ఏపీ 1000 ఉష్ణశక్తి సుమారు 3,400 మెగావాట్లు. అంటే కొవ్వాడలో అనుకున్న రియాక్టరు 1,500 కోట్ల గళ్ళోకే వస్తుంది. 2010 చట్టంలో ఉన్న అంకె కూడా సరిగ్గా ఇదే. ఈ పదిహేనేళ్ళలో బియ్యం ధర పెరిగింది, సెంటు భూమి ధర ఎన్నో రెట్లయింది, మనిషి ప్రాణానికి, పొలానికి కట్టిన ఖరీదు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆపైన కేంద్రం ఇచ్చేది కలుపుకున్నా మొత్తం పరిహారానికి అంతర్జాతీయ ద్రవ్య యూనిట్ల లెక్కలో ఓ హద్దు ఉంది. అది మొత్తం మూడున్నర వేల కోట్ల పైచిలుకు. జపానులో యజమాని బాధ్యతకు పరిమితే లేదు. అక్కడి ఫుకుషిమా అణు ప్రమాద బాధితులకు చెల్లించిన పరిహారం పది లక్షల కోట్ల యెన్‌లు దాటింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన నేర్పిన పాఠంతో 2010లో పెట్టిన నిబంధన ఒకటుండేది: లోపమున్న యంత్రం సరఫరా చేసిన కంపెనీ నుంచి పరిహారం రాబట్టే హక్కు. కొత్త చట్టం దాన్ని తీసేసింది. దాన్ని తిరిగి చేర్చాలి.

ఒక మంచి మార్పును మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన అణుశక్తి నియంత్రణ మండలికి ఇన్నాళ్ళకు ఈ చట్టంతో చట్టబద్ధ హోదా దక్కింది. రియాక్టర్లు కట్టించే వ్యవస్థ కిందే వాటిని తనిఖీ చేసే మండలి ఉండడం సరికాదని 2012లో కాగ్ తప్పుపట్టింది. అంతకుముందు ఏడాది పార్లమెంటులో పెట్టిన భద్రతా ప్రాధికార సంస్థ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. ఇప్పుడు హోదా వచ్చినా సభ్యుల నియామకం కేంద్రం చేతిలోనే ఉంది. మండలి ‘ఆపండి’ అంటే పని ఆగుతుందన్న నమ్మకం జనానికి కలగాలి. అది గెజిట్ కాగితంతో కలగదు. మొదటిసారి ఒక పెద్ద కంపెనీ పని ఆపించిన రోజున కలుగుతుంది.

ఇక మన జిల్లాలకు నేరుగా తగిలే విషయం. మండలి నిబంధనల ప్రకారం ప్లాంటు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు మేర ఎవరూ నివసించకూడదు. ఐదు కిలోమీటర్ల దాకా జనాభా పెరగకుండా అదుపు ఉంటుంది. 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక తయారు చేస్తారు. ఫుకుషిమాలో 20 కిలోమీటర్ల వరకు జనాన్ని ఖాళీ చేయించారు. అమెరికా తన పౌరులను 80 కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపొమ్మంది. అంత దూరం కొవ్వాడ చుట్టూ గీస్తే పర్లాకిమిడి ఆ వృత్తం అంచున పడుతుంది. ప్రమాదం జరిగితే ఇక్కడ అందరూ లేచిపోవాలని మేము భయపెట్టడం లేదు. నైరుతి గాలి వీచే నెలల్లో ఆ గాలి వచ్చేది ఇటువైపే అన్నది మాత్రం ఇక్కడి రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

2018 అక్టోబరు తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఎక్కువ ప్రాణాలు పోయింది మాత్రం ఇటు గజపతి జిల్లా కొండల్లో, చరియలు విరిగిపడి. కొబ్బరి, జీడి తోటలు కూలింది రెండు వైపులా. కరెంటు లేక, జనరేటరు ఉన్న ఇంటి ముందు సెల్‌ఫోన్లు పట్టుకుని లైను కట్టిన ఆ రోజులు మాకు గుర్తున్నాయి. తుపాను వస్తే ఏం చేయాలో మన పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. పునరావాస కేంద్రం ఎటుందో, బియ్యం ఎక్కడ దాచాలో, పశువుల కట్లు ఎప్పుడు విప్పాలో తెలుసు. రేడియేషన్ వార్త వస్తే బయటికి పరుగెత్తాలా, తలుపులు మూసుకుని లోపలుండాలా? పిల్లలకు రేడియేషన్ నుంచి థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్ర ఎవరిస్తారు? ఏ కలెక్టరు ఎవరికి ఫోన్ చేస్తారు? శ్రీకాకుళం కలెక్టరు తయారు చేసే ప్రణాళికలో గజపతి జిల్లా కలెక్టరు పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఉమ్మడి మాక్ డ్రిల్ జరగాలి.

పర్యావరణ నిబంధనల ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కొవ్వాడ విషయంలో అది శ్రీకాకుళంలోనే ముగిసిపోకూడదు. పర్లాకిమిడిలోనూ ఒక సభ పెట్టాలి, కాగితాలు తెలుగులో, ఒడియాలో, సవరలో ఇవ్వాలి. సవరల భాష నేర్చుకుని వాళ్ళకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊరు ఇది. ఇక్కడివాళ్ళకు అర్థం కాని భాషలో కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే మేము ఊరుకోము.

గంజాం తీరానికి ఇంకో బెంగ ఉంది. ఛత్రపురం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల తవ్వకాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. వలలు ఆరబెట్టుకునే ఇసుక తవ్వేటప్పుడు ఆ ఒడ్డున బతికే జాలరిని అడగనక్కర్లేదంటే ఎలా? ఆ మినహాయింపును రద్దు చేయాలి. కొవ్వాడ, ఇసుక తవ్వకాలు, ఈ రెండు విషయాల మీదా ఒడిశా ప్రభుత్వం కేంద్రానికి లేఖ రాయాలి. మన సరిహద్దు ఎమ్మెల్యేలు, ఎంపీలు ఏ పార్టీ వారైనా ఆ లేఖ ప్రతిని మాకు పంపితే, మూడు భాషల్లో అచ్చు వేస్తాం.