ఊదించడానికి వేళాపాళా ఉండాలి

తాగి బండి నడిపేవారిని అరికట్టాలంటే ఏ రోడ్డు మీదనైనా, ఏ పూటనైనా, ఎవరినైనా ఆపి గొట్టంలో ఊదించాలని కొందరు మేధావులు పదేపదే కోరుతున్నారు. వినడానికి ఈ కోరిక బాగానే ఉంటుంది గాని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా తాగి, ఒక పద్ధతిగా ఇళ్లకు చేరుకుంటున్న పెద్దమనుషుల నెత్తిన ఇది ఎంతటి పిడుగో వారు ఆలోచించినట్టు లేదు.

ఇప్పుడున్న ఏర్పాటుకు ఏం లోటొచ్చింది? తనిఖీ అంటే శనివారం రాత్రి, ఊరి మొగన ఉన్న పెద్ద కూడలిలో, ఫర్లాంగు దూరానికే మెరిసే బారికేడ్ల మధ్య జరిగేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియని పొరుగూరివాడు ఎవరైనా ఉంటే, ఎదురొచ్చే బండివాడు హెడ్‌లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించి తెలియజేస్తాడు. పగలు దారి అడిగితే ముఖం తిప్పుకొనే మనిషి కూడా రాత్రిపూట ఈ ఒక్క పరోపకారానికి వెనుకాడడు. ఇక వాట్సాప్ గ్రూపుల సేవ చెప్పనలవి కాదు. "కాంప్లెక్స్ కాడ ఊదిస్తన్నారు, చెరువు గట్టు మీంచి వచ్చీండి" అన్న కబురు, మొదటి బండి ఆగేలోపే ఊరంతా తిరిగి వస్తుంది. కులం, పార్టీ, ఆస్తి తగాదా, ఏదీ అడ్డురాని ఇంతటి ఐకమత్యం మన దగ్గర మరో విషయంలో కనబడదు.

దీనికి పూర్తి విరుద్ధమైన పని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం చేసింది. 1982 డిసెంబరులో అక్కడ అనుమానం ఉన్నా లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. తనిఖీ ఎక్కడ ఎదురవుతుందో తెలియక, జనం తాగబోయే ముందే బండి ఇంట్లో వదిలి బయలుదేరడం నేర్చుకున్నారు. తాగుడు వల్ల జరిగే రోడ్డు చావులు బాగా తగ్గాయి. చావులు తగ్గడం సంతోషమే. కానీ బారు మెట్లు దిగుతున్న పౌరుడు తాను దొరుకుతాడో లేదో తెలియక పడే నరకయాతనను ఏ ఖాతాలో రాయాలో ఆ ప్రభుత్వం చెప్పలేదు.

మన చట్టం అంత క్రూరమైనది కాదు గాని, దానికి లోకజ్ఞానం తక్కువ. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షను 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుందే తప్ప, తాగినవాడి కెపాసిటీ ఎంతని ఒక్క మాటైనా అడగదు. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు గాని, 15,000 రూపాయలు గాని, రెండూ గాని. 2019 సవరణకు ముందు మొదటి జరిమానా 2,000 దాటేది కాదు. ఇన్ని రెట్లు పెంచినవారు గమనించనిదేమిటంటే, జరిమానా దొరికినవాడికే గాని, దొరకనని ధీమాగా ఉన్నవాడికి అది పదివేలైనా పది లక్షలైనా ఒకటే. ఆ ధీమాను కాపాడుతున్నదే మన వేళాపాళా.

రణస్థలం అవతల ఒక పల్లెలో జరిగిన గృహప్రవేశం విందు ఇందుకు చక్కని ఉదాహరణ. మామిడితోటలో కూర్చోబెట్టి బావగారికి నాలుగో గ్లాసు పోసిన ఇంటి యజమానే, ఆయనకు బండి తాళం పెట్టే రంధ్రం కనబడకపోతే సెల్లు టార్చి వేసి చూపించి, చివరకు తానే తాళం తిప్పి పెట్టాడు. హెల్మెట్టు ఉంది, అందులో వేటకూర డబ్బా ఒలికిపోకుండా కుదురుగా కూర్చుంది. ట్యాంకు మీద కొడుకు, వెనుక ఇల్లాలు. "రేప్పొద్దున్నెల్దుం" అని ఆమె అంటూనే ఉంది. "ఏటవదు, బండికే దారి తెలుసు" అన్నాడాయన. తాళం లాక్కుంటే బావగారి మర్యాదకు భంగమని, "ఇంటికెల్లగానే ఫోను సెయ్ బావా" అని మాత్రం అందరూ ప్రేమగా చెప్పారు.

కొన్ని దేశాల్లో తాగి దొరికినవారి బండికి ఊదితే గాని ఇంజను అంటుకోని పరికరం బిగిస్తారు. మన బండ్లకు అలాంటి పరికరం వెనుక సీటు మీద పెళ్లినాడే బిగించారు గాని, దాన్ని ఇంజనుకు కలపడం మరిచిపోయారు.

దొరికే ప్రమాదం ఉన్న అరుదైన రాత్రులకు మన దగ్గర వైద్యం కూడా ఉంది. నిమ్మకాయ, పుల్ల మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, జామాకు, యాలకులు వేసిన కిళ్లీ. ఇవన్నీ నోటి వాసనకు చేసే మందులు. యంత్రం కొలిచేది రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చే ఆల్కహాలును. లోపల పని చేసే కాలేయం సిఫారసుకు లొంగని గుమాస్తా: 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తప్ప ఫైలు కదపదు. కాఫీ పోస్తే తాగినవాడు మెలకువగా ఉంటాడు, తాగే ఉంటాడు.

గంజాయి పీల్చేవారికి ఈ బాధలు లేవు. ఊదే యంత్రానికి గంజాయి అంటదు, చట్టంలో దానికి 30 లాంటి అంకె లేదు. బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని నిరూపించాలి. ఆస్ట్రేలియాలోనే ఉన్న విక్టోరియా రాష్ట్రం 2004 నుంచే రోడ్డు మీద లాలాజలం తీసి మత్తు పదార్థాలను పరీక్షిస్తోంది గాని, ఒడిశా సరిహద్దున ఉన్న మనకు అంత తొందర దేనికి? గంజాయి సంగతులు చెప్పడానికి మత్తు పదార్థాలను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వారి 1972 నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోను చేసే చేతులు, చెరువు గట్టు కబురు పంపిన చేతులంత చురుకుగా ఉంటాయని మాత్రం ఆశించకూడదు.

సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని చెప్పింది. కేరళలోని పరవూరులో ఒక బారు, ప్రవేశ ద్వారం దగ్గర మెలికలు తిరిగే దారి కట్టి, కొలత సరిపెట్టుకుంది. ఆ తర్వాత చిన్న ఊళ్లకు దూరం 220 మీటర్లకు తగ్గింది, పురపాలక పరిధులకు మినహాయింపు వచ్చింది. తాగేవాడి కోణంలో చూస్తే అసలు ఆ తీర్పులోనే ఒక చిక్కు ఉంది: దుకాణాన్ని అర కిలోమీటరు లోపలికి తోస్తే, అక్కడికి నడిచి వెళ్లేవాడెవడు? రాత్రి పది దాటాక ఆటో దొరకని పల్లెకు, ఆఖరి బస్సు వెళ్లిపోయిన రోడ్డుకు, బండి తప్ప దిక్కేముంది? తనిఖీలతో పాటు ఆ వేళకు ఒక బస్సు వేయమని ఇంతవరకు ఏ మేధావీ కోరలేదు.

కాబట్టి అధికారులకు విన్నపం. ఊదించే తేదీలు, గంటలు, కూడళ్లు ఒక పట్టికగా అచ్చు వేయించి, ప్రతి వైన్ షాపులో ధరల బోర్డు పక్కన అంటించాలి. సంక్రాంతి మూడు రోజులు, విజయనగరంలో సిరిమాను తిరిగే మంగళవారం సెలవుగా చూపాలి. అదే పట్టికలో 108 వాహనానికి కూడా ఒక వేళ కేటాయిస్తే బాగుండేది గాని, ప్రమాదం ఎప్పుడు జరిగితే అప్పుడే వస్తామని వారు పాత పద్ధతినే పట్టుకుని కూర్చున్నారు.