క్యాషెల్ దాకా వెళ్తాం, విన్సెంట్ ఓబ్రయన్ గురించి మాత్రం తెలుసుకోం

ఐర్లాండ్‌లో మన తెలుగువాళ్లు చుట్టాలొస్తే రాక్ ఆఫ్ క్యాషెల్ అనే కొండమీది పాత కోట చూపించి ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు, కానీ దానికి దగ్గర్లోనే బాలీడోయల్ అనే రేసుగుర్రాల శిక్షణా కేంద్రం ఉందని, విన్సెంట్ ఓబ్రయన్ అనే ట్రైనర్ అక్కడే రేసుగుర్రాల్ని తయారుచేశాడని మనలో ఎంతమందికి తెలుసు? రేసులంటే మనకి ముందు జూదమే గుర్తొస్తుంది, అందుకే అటువైపు చూడం. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం.

1917లో కార్క్ కౌంటీ చర్చ్‌టౌన్‌లో పుట్టాడు. 1943లో తండ్రి పోయాక సొంతంగా గుర్రాలకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టి, కాటేజ్ రేక్ అనే గుర్రంతో 1948 నుంచి వరసగా మూడేళ్లు చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్, ఆ తర్వాత 1953, 54, 55ల్లో గ్రాండ్ నేషనల్ కొట్టాడు, అదీ ఏడాదికో కొత్త గుర్రంతో! ఇవన్నీ అడ్డంకుల మీంచి దూకే జంప్ రేసులు, వాటిలో ఇంత పేరొచ్చాక ఎవరైనా అక్కడే సెటిల్ అయిపోతారు కదా, ఈయన మాత్రం దాన్ని వదిలేసి అడ్డంకుల్లేని ఫ్లాట్ రేసులకి మారిపోయి అక్కడ ఇంగ్లండ్‌లోని పెద్ద రేసు ఎప్సమ్ డర్బీని ఆరుసార్లు గెలిచాడు. నాకైతే ఆయన గొప్పతనమంతా ఆ మారిపోవడంలోనే కనిపిస్తుంది.

అంతా సాఫీగా ఏం జరగలేదు. 1960లో షామూర్ అనే గుర్రం డోప్ టెస్ట్‌లో దొరికిందని ఆయన లైసెన్స్ తీసేశారు, తమ్ముడు ఫోన్సీ పగ్గాలు పట్టుకున్నాడు, అదే షామూర్ ఆ ఏడాదే ఐరిష్ డర్బీ గెలిచింది. 1961లో ఈయన తిరిగొచ్చాడు, మరుసటి ఏడాదే లార్క్‌స్పర్ అనే గుర్రంతో మొదటి ఎప్సమ్ డర్బీ.

ఇక నిజిన్‌స్కీ అనే గుర్రం సంగతి. ఓనర్ వేరే పిల్లగుర్రాన్ని చూసి రమ్మని కెనడా పంపిస్తే ఈయనకి అది నచ్చలేదు, అక్కడే ఉన్న ఇంకోదాన్ని, అంటే నిజిన్‌స్కీని చూసి ఇదే కొనండి అన్నాడు. 84,000 కెనడా డాలర్లకి కొన్నారు. అది 1970లో బ్రిటిష్ ట్రిపుల్ క్రౌన్, అంటే 2000 గినీస్, ఎప్సమ్ డర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచింది, ఆ మూడు రేసులూ ఒకే ఏడాది గెలిచిన గుర్రం దాని తర్వాత ఇప్పటిదాకా రాలేదు. కంప్యూటర్లు, డేటా ఏవీ లేని రోజుల్లో కేవలం కళ్లతో చూసి పట్టుకున్నాడంటే ఆ చూపుకి దణ్ణం పెట్టాలి.

ఏటా సెప్టెంబర్‌లో కర్రా రేస్‌కోర్స్‌లో ఆయన పేరు మీద నేషనల్ స్టేక్స్ అనే రేసు జరుగుతుంది. మన అసోసియేషన్ ఈసారి పిల్లలందర్నీ అక్కడికి తీసుకెళ్లాలని, పందెం కాయకుండా ఊరికే గుర్రాల్ని దగ్గర్నుంచి చూపించాలని కమిటీవాళ్లని అడుగుతున్నా.